ఉద్యోగుల కమిటీలో మేనేజరు పెత్తనం: ఆరు నెలల గడువు దాటనివ్వకండి

ప్రశ్న: నేను అమెరికాలో ఒక పెద్ద కిరాణా స్టోర్‌లో నాలుగేళ్లుగా క్యాషియర్‌గా పనిచేస్తున్నాను. రెండేళ్ల క్రితం ఉద్యోగులమే ఓట్లు వేసుకుని ఏడుగురితో ఒక కమిటీ పెట్టుకున్నాం. షిఫ్టులు, విరామాలు, ఫ్రీజర్‌లో పనిచేసేవాళ్లకు జాకెట్లు వంటి విషయాలు మేనేజరు ముందు పెట్టేవాళ్లం. ఏడాదిగా ఆయనే ప్రతి సమావేశానికీ వచ్చి అధ్యక్షత వహిస్తున్నారు, ఎజెండా రాస్తున్నారు, ఆ గంటకు జీతం కూడా ఇస్తున్నారు. జనవరిలో మేం ఎన్నుకున్న ఇద్దరిని తీసేసి తనకు నచ్చినవాళ్లను పెట్టారు. అందరి ముందూ అభ్యంతరం చెప్పాను. మార్చి రెండో వారంలో నా పని గంటలు వారానికి 32 నుంచి 18కి పడిపోయాయి. తోటివాళ్లు పలకరించడం మానేశారు. హెచ్‌ఆర్‌కు ఫిర్యాదు చేసి జవాబు కోసం చూస్తున్నాను. సమావేశాల్లో జరిగింది రాసుకునే మినిట్స్ పుస్తకంలో కొన్ని నెలలు ఖాళీగా ఉన్నాయి, ఇప్పుడు రాసి అందరిచేతా సంతకాలు పెట్టిద్దామని ఒక స్నేహితురాలు అంటోంది. నేను నిలబెట్టిన కమిటీని మళ్లీ మా చేతుల్లోకి తెచ్చుకునే దారి చెప్పండి సర్. (ఆగస్టు 21న రాసిన లేఖ)

జవాబు: అమ్మా, మీ లేఖ ఆరు పేజీలుంది. అందులో నాలుగు పేజీలు ఎవరు ఎలా మాట్లాడారు, ఎవరు మొహం తిప్పుకున్నారు అన్న దానికే పోయాయి. మీ పని గంటలు తగ్గినట్లు ఏ తేదీన తెలిసిందో మాత్రం ఎక్కడా లేదు, ‘మార్చి రెండో వారం’ అని వదిలేశారు. కేసు నిలవడమా, పోవడమా అన్నది ఆ తేదీ మీదా, మీరు లేఖతో పాటు పంపిన మినిట్స్ పుస్తకం ఫోటో ఒకదాని మీదా ఆధారపడి ఉంది.

ముందుగా ఆ ఫోటో సంగతి. ఏప్రిల్ సమావేశం పేజీలో ‘క్యాషియర్లకు స్టూళ్లు కావాలి’ అని మీలో ఒకరు రాస్తే, దాని ఎదురుగా మేనేజరు తన చేతిరాతతో ‘రెండు కౌంటర్లకు సరే, మిగతావి తర్వాత’ అని రాసి పొట్టి సంతకం పెట్టారు. మీరు ఆరు పేజీల్లో చెప్పినదానికంటే ఈ ఒక్క వరుస బలమైనది. అమెరికాలో ఉద్యోగులు కూడి మాట్లాడుకునే హక్కును కాపాడే 1935 నాటి ఫెడరల్ చట్టం, నేషనల్ లేబర్ రిలేషన్స్ యాక్ట్ సెక్షన్ 2(5) ప్రకారం, ఉద్యోగులు పాల్గొనే ఏ కమిటీ అయినా జీతాలు, పని గంటలు, పని పరిస్థితులు, ఫిర్యాదుల గురించి యాజమాన్యంతో వ్యవహరించడానికి ఉన్నదైతే, దానికి యూనియన్ అనే పేరు లేకపోయినా, చందా లేకపోయినా, నియమావళి లేకపోయినా అది కార్మిక సంస్థే అవుతుంది. ‘వ్యవహరించడం’ అంటే ఒప్పందం కుదుర్చుకునే బేరసారాలే కానక్కరలేదని 1959లో కేబట్ కార్బన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగులు ప్రతిపాదించడం, యాజమాన్యం దానికి అవుననో కాదనో బదులివ్వడం అనే తీరు కొనసాగుతూ ఉంటే చాలు. స్టూళ్ల వరుసలో ఉన్నది సరిగ్గా అదే.

కంపెనీ తరఫు లాయరు ఏమంటారో ఇప్పుడే చెబుతాను. ‘ఇది సలహాలు చెప్పుకునే బృందం మాత్రమే, సరుకులు ఎలా సర్దాలి, గడువు తీరి పారేసేవి ఎలా తగ్గించాలి అని మాట్లాడుకుంటారు’ అంటారు. నిజంగా అంతవరకే అయితే ఆ వాదన నెగ్గుతుంది. అందువల్ల పుస్తకంలో గంటలు, విరామాలు, షిఫ్టులు, స్టూళ్లు, జాకెట్లు వచ్చిన పేజీలను, వాటికి మేనేజరు ఇచ్చిన జవాబులతో సహా విడిగా గుర్తు పెట్టుకోండి. మిగతా పేజీల్లో ఏమున్నా మీకు అడ్డు కాదు.

అది కార్మిక సంస్థ అని తేలితే, దాని మీద యజమాని ఆధిపత్యం చెలాయించడం, దాని నిర్వహణలో జోక్యం చేసుకోవడం, దానికి ఆర్థికంగా గానీ మరో విధంగా గానీ అండగా నిలవడం సెక్షన్ 8(ఏ)(2) కింద చట్టవిరుద్ధం. ఉద్దేశం మంచిదేనని, ఉద్యోగులు సంతృప్తిగానే ఉన్నారని చెప్పడం రక్షణ కాదని 1939లోనే న్యూపోర్ట్ న్యూస్ షిప్‌బిల్డింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే మీరు తప్పని అనుకున్న ఒక విషయం, ఆ గంటకు ఆయన జీతం ఇవ్వడం, తప్పే కాదు. పని వేళల్లో ఉద్యోగులు తనతో సంప్రదించుకోవడానికి యజమాని అనుమతిస్తూ ఆ సమయానికి జీతం కోయకుండా ఉండటాన్ని ఆ సెక్షనే అనుమతించింది. మేనేజరు సమావేశంలో కూర్చోవడం కూడా దానంతట అదే తప్పు కాదు. సభ్యులుగా ఎవరుండాలో, దేని గురించి మాట్లాడాలో ఆయనే నిర్ణయించడం తప్పు. ఫిర్యాదులో జీతం మాట ముందు పెడితే కేసు పలచబడుతుంది.

ఇక గడువు. సెక్షన్ 10(బి) ప్రకారం, జరిగినదానిపై ఆరు నెలల లోపు, ఈ చట్టాన్ని అమలు చేసే ఫెడరల్ సంస్థ అయిన నేషనల్ లేబర్ రిలేషన్స్ బోర్డులో ఫిర్యాదు దాఖలు చేయడమే కాదు, దాని ప్రతి అవతలి పక్షానికి చేరవేయడం కూడా పూర్తి కావాలి. హెచ్‌ఆర్ జవాబు కోసం మీరు చూస్తూ కూర్చున్న నెలలు ఈ లెక్కలోంచి మినహాయింపు కావు. జనవరిలో ఇద్దరిని తొలగించిన సంగతి మీ మనసుకు అన్నిటికంటే పెద్దది కావచ్చు, కానీ దాని గడువు జూలైతోనే ముగిసింది. దాన్ని ఇప్పుడు నేపథ్యంగా చూపించవచ్చు తప్ప, కేసుకు ఆధారంగా నిలబెట్టలేరు. ఇది మీ అశ్రద్ధ వల్ల జరిగిన నష్టం. ఫిర్యాదు వేసే రోజుకు వెనుక ఆరు నెలల్లో మేనేజరు అధ్యక్షత వహించి, ఎజెండా నిర్ణయించి నడిపిన సమావేశాలు మాత్రం ఇంకా చేతిలో ఉన్నాయి. గంటల తగ్గింపు విషయంలో, అది మీకు స్పష్టంగా తెలిసిన రోజు నుంచే గడువు మొదలవుతుంది. ఆ షెడ్యూలు మార్చి 9న మీకు అంది ఉంటే సెప్టెంబరు 9తో గడువు తీరుతుంది. అంటే మీకు మూడు వారాలు కూడా లేవు.

ఆ గంటల విషయం వేరే సెక్షన్ల కిందికి వస్తుంది. తోటివారి తరఫున మాట్లాడినందుకు శిక్షించారన్నది సెక్షన్ 8(ఏ)(1), 8(ఏ)(3) కింద ఆరోపణ. మీరు అభ్యంతరం చెప్పారని, అది మేనేజరుకు తెలుసని, ఆ కోపమే తగ్గింపుకు కారణమని మీరు చూపాలి. అప్పుడు, మీరు నోరు మెదపకపోయినా ఇలాగే తగ్గించేవాళ్లమని రుజువు చేసుకునే భారం కంపెనీ మీద పడుతుంది. మీతో సమానంగా పనిచేసే మిగతా క్యాషియర్ల గంటలు అదే నెలలో తగ్గాయా, లేదా అన్నది ఇక్కడ పెద్ద సాక్ష్యం. స్టోర్‌లో అతికించిన షెడ్యూళ్లు మీ దగ్గరుంటే భద్రపరచండి, మీ పే స్టబ్‌లు (జీతం చీటీలు) ఒక్కటీ పారేయకండి. గెలిస్తే వారానికి పోయిన 14 గంటల జీతం లెక్కకట్టేది వాటితోనే.

మీ స్నేహితురాలి సలహా దగ్గర గట్టిగా చెబుతున్నాను, ఆ పుస్తకంలో ఒక్క అక్షరం కొత్తగా రాయవద్దు. ఖాళీ పేజీ వల్ల ఆ నెల సమావేశానికి సాక్ష్యం బలహీనపడుతుంది, అంతే. పాత తేదీ వేసి ఇప్పుడు నింపిన ఒక్క పేజీ బయటపడితే ఏప్రిల్ నాటి స్టూళ్ల వరుసను కూడా ఎవరూ నమ్మరు. పైగా బోర్డు అధికారి ముందు మీరిచ్చే వాంగ్మూలం ప్రమాణం మీద ఇచ్చేది, అందులో తెలిసి అబద్ధం చెప్పడం ఫెడరల్ నేరం. సంతకం పెట్టిన ప్రతి తోటి ఉద్యోగినీ అందులోకి లాగినవారవుతారు. ఆ నెలల్లో జరిగింది మీకు గుర్తుంటే, వేరే కాగితం మీద ఈరోజు తేదీతోనే, ‘గుర్తున్నంతవరకు’ అని రాసి పెట్టుకోండి. సమావేశాలను రహస్యంగా రికార్డు చేయాలన్న ఆలోచన ఉంటే అదీ మానండి. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో అందరి అనుమతి లేకుండా ఆంతరంగిక సంభాషణను రికార్డు చేయడమే నేరం.

మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తే, కోరుకునే ముందు ఒకసారి ఆలోచించండి. యజమాని పూర్తి ఆధిపత్యంలో ఉన్నదని తేలిన కమిటీని బోర్డు ఉద్యోగులకు తిరిగి అప్పగించదు, రద్దు చేయమంటుంది. 1992లో ఎలక్ట్రోమేషన్ కేసులో యాజమాన్యం ఏర్పాటు చేసిన కమిటీలకు అదే జరిగింది. మీ కమిటీ యాజమాన్యం పెట్టినది కాదు, ఉద్యోగులు ఓట్లతో పెట్టుకున్నది. కాబట్టి జరిగినదాన్ని ఆధిపత్యం అని కాకుండా ‘నిర్వహణలో చట్టవిరుద్ధ జోక్యం’ అని ఫిర్యాదులో రాయండి. జోక్యం మానుకోవాలన్న ఆదేశంతో ఆగే అవకాశం ఉంటుంది. ఒకవేళ రద్దయినా, మళ్లీ మీలో మీరు కూడి మాట్లాడుకునే హక్కు సెక్షన్ 7 కింద మీకు ఉండనే ఉంది.

కిరాణా దుకాణాలపై బోర్డుకు అధికారం ఉండాలంటే ఏటా కనీసం 5 లక్షల డాలర్ల వ్యాపారం ఉండాలి, మీ స్టోర్‌కు ఆ చిక్కు ఉండదు. మీకు ఇతరులను పనిలో పెట్టుకునే, తీసేసే, క్రమశిక్షణ చర్య తీసుకునే అధికారం ఏదైనా ఉంటే మాత్రం నాకు వెంటనే రాయండి. సూపర్‌వైజర్లకు ఈ చట్టం రక్షణ ఇవ్వదు.

ఈ వారంలోనే మీ ప్రాంతీయ బోర్డు కార్యాలయానికి వెళ్లండి. ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఫారం నింపడానికి అక్కడి అధికారే సాయం చేస్తారు. పుస్తకం అసలు ప్రతి ఎవరి దగ్గర ఉంటే వారి దగ్గరే ఉండనిచ్చి, ప్రతి పేజీకీ, ఖాళీ పేజీలకు కూడా, వరుసగా ఫోటోలు తీయండి. ఫిర్యాదు ప్రతిని కార్యాలయం కంపెనీకి పంపినా, సకాలంలో చేరవేసే బాధ్యత మీదే. మీరు కూడా ఒక ప్రతిని సర్టిఫైడ్ పోస్టులో పంపి, ఆ రసీదును పే స్టబ్‌లతో పాటు దాచుకోండి.