రక్తం పట్టించే హార్మోను కిడ్నీయే ఎందుకు చెయ్యాలి? లివర్‌లో ఆ జన్యువు లేదా?

మీరు అడిగింది: ఒంట్లో కణాలన్నిటికీ ఒకటే డీఎన్‌ఏ అయితే, కిడ్నీలు పాడైనప్పుడు రక్తం పట్టించే ఆ హార్మోను, ఎరిత్రోపోయిటిన్‌ను, లివర్ ఎందుకు చేసిపెట్టదు అని.

నేను డాక్టర్ని కాను. జువాలజీ చదివి పలాసలో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. మాది ఉద్దానం. నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్. హిమోగ్లోబిన్ 7కి పడిపోతే ఈ హార్మోనే ఇంజెక్షన్‌గా రాశారు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు. మొదటిసారి తువ్వాలు చుట్టి ఫ్లాస్కులో జాగ్రత్తగా తెస్తే, అమ్మ తీసుకెళ్లి ఫ్రీజర్‌లో పెట్టేసింది. "సల్లగా ఉంచమన్నారు కదా, మీద అరలో ఎట్టినాను" అంది. పారెయ్యక తప్పలేదు. ఆ మందు తయారుచేసే జన్యువు నాన్న ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉందని గుర్తొచ్చి ఆ రాత్రి నిద్రపట్టలేదు. (ఎర్ర రక్తకణాల్లో మాత్రం ఉండదు, వాటికి కేంద్రకమే లేదు.)

ఊళ్లో అందరిళ్లలోనూ ఒకే పంచాంగం ఉంటుంది. పంతులుగారు ముహూర్తాలు చూస్తారు, రైతు కార్తెలు చూస్తాడు. కణాలూ అంతే, కాకపోతే ఒక అడుగు ముందుకేసి అక్కర్లేని పేజీలను అంటించేస్తాయి. డీఎన్‌ఏను హిస్టోన్లు అనే ప్రోటీన్ ఉండల చుట్టూ బిగించి చుడతాయి, మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు పెడతాయి. తెరిచి ఉన్న చోట్ల కూడా ఆ కణంలో ఉండే ప్రోటీన్లు వచ్చి స్విచ్ వెయ్యాలి.

ఈ హార్మోను జన్యువుకు స్విచ్‌లు రెండు చోట్ల ఉన్నాయి. లివర్ వాడేది జన్యువు తర్వాత, దగ్గర్లోనే ఉంది. కిడ్నీ వాడేది జన్యువుకు ముందు, వేల డీఎన్‌ఏ అక్షరాల దూరంలో ఉంది. ఎలుకల మీద ప్రయోగాల్లో తేలిన సంగతి ఇది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఈ హార్మోను లివరే చేస్తుంది, పుట్టాక ఆ పని కిడ్నీకి మారుతుంది. పెద్దయ్యాకా లివర్ కొంత చేస్తూనే ఉంటుంది, కానీ అది చాలదు. కిడ్నీలో ఆక్సిజన్ తగ్గితే హిఫ్ అనే ప్రోటీన్ విరిగిపోకుండా నిలబడి జన్యువును లేపుతుంది. ఈ వ్యవస్థను కనిపెట్టినందుకే 2019లో సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. రోగం ముదిరితే ఆ హార్మోను చేసే కణాలే మచ్చకట్టే కణాలుగా మారిపోతాయి. జన్యువు చెక్కుచెదరదు, పేజీ మాత్రం మూతపడుతుంది.

ఇదంతా చెబితే నాన్న ఒక్కటే అడిగారు: "మరి లివర్‌లో ఉన్నదాన్నే లేపొచ్చు కదరా?"

లేపొచ్చు! హిఫ్‌ను విరగనివ్వని మాత్రలు వచ్చాయి. వాటిలో ఒకటైన డెసిడుస్టాట్‌కు 2022లో మన దేశంలో అనుమతి కూడా వచ్చింది. ఈ రకం మందుతో, రెండు కిడ్నీలూ లేనివాళ్లలో కూడా ఈ హార్మోను పెరిగినట్టు చూశారు. ఎవరికి ఏది సరిపోతుందో మాత్రం డాక్టరే తేల్చాలి. నాన్నకు ఇంజెక్షనే కొనసాగిస్తున్నారు. ఇప్పుడది మధ్య అరలో, పెరుగు గిన్నె పక్కన ఉంటోంది.