కోటు కొనకు, నేనొస్తున్నా

చిట్టీ,

చికాగోలో నీకు ఎమ్మెస్ సీటు వచ్చిందని అమ్మ చెప్పింది. మా ఇంటి ఆడపిల్ల ఇంత దూరం వస్తోందని గర్వంగా ఉంది. పెట్టెలో ఏం సర్దుతున్నావో అని టెన్షన్ కూడా. డజను డ్రెస్సులు కుట్టిస్తున్నావట, ఎవరు చూడాలని? ఇక్కడ క్లాసుకి అందరూ జీన్సు, హుడీలతోనే వస్తారు. పైజమాతో కిరాణాకి వెళ్లినా ఎవరూ ఎగాదిగా చూడరు. నిన్నటి చొక్కానే ఇవాళా వేసుకెళ్తే మాత్రం గమనిస్తారు, పైకి అనరు. కంపెనీలు కాలేజీకి వచ్చి ఉద్యోగాల గురించి మాట్లాడే కెరీర్ ఫెయిర్‌కి ఒక సూటు అక్కడే కుట్టించుకో. షూ మాత్రం అక్కడ కొనకు, ఇక్కడ సైజు నంబర్లు వేరు.

ఇక చలి. మీ పెదనాన్నకి ఇక్కడ అదే మొదటి జనవరి. శనివారం తలంటుకుని, జుట్టు ఆరకుండానే బయల్దేరారు. ఒంటిమీద కోఠీలో ముచ్చటపడి కొన్న లెదర్ జాకెట్. మంకీ క్యాప్ ఇస్తే "నలుగురూ నవ్వుతారే" అని సోఫా మీద పడేశారు. బస్సు ఆలస్యం. స్టాపులో నవ్వడానికెవరున్నారు? అందరూ కళ్లు తప్ప ఏమీ కనపడకుండా చుట్టుకుని నిలబడ్డారు. ఈయన జుట్టు పుల్లల్లా బిగుసుకుపోయింది. చెవులు కాసేపు మండి, తర్వాత మంట ఆగిపోయిందట. తగ్గిందనుకున్నారు మహానుభావుడు! ఇంటికొచ్చేసరికి చెవుల పైఅంచులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నేను గబగబా రుద్దబోతే పక్కింటావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. రుద్దకూడదట, గోరువెచ్చటి నీళ్లలో తడిపిన బట్ట పెట్టాలట. మర్నాటికి బొబ్బలు. ఇప్పటికీ చలి మొదలైతే ఎడమ చెవి సలుపుతుందంటారు.

అందుకే చెప్తున్నా, తడి తలతో గడప దాటావంటే ఊరుకోను. ఫోన్‌లో విండ్ చిల్ చూడు, అంటే గాలితో కలిపి ఒంటికి తెలిసే చలి. అది మైనస్ 28 సెల్సియస్‌కి దిగితే కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టొచ్చు. ఇక్కడ ఫారెన్‌హీట్‌లో చెప్తారు, 0 అంటే మన మైనస్ 18. లావు స్వెటర్ ఒక్కటే చాలదు. లోపల థర్మల్, మధ్యలో ఫ్లీస్ అనే మెత్తటి నూగు బట్ట, పైన గాలి దూరని కోటు. క్లాసులో హీటర్‌కి ఉడికిపోతే ఒక్కోటీ తీసెయ్యొచ్చు. ఒంటికి తగిలేది కాటన్ వద్దు, చెమటకి తడిస్తే ఆరదు.

కోటు వంటింటి దగ్గర తగిలించకు. ఇంగువ వాసన పట్టిందంటే నీకు తెలీదు, లిఫ్టులో పక్కవాళ్లకి తెలుస్తుంది. పోపు మానెయ్యమనట్లేదు తల్లీ, బెడ్‌రూమ్ తలుపు వేసి పెట్టుకో.

నువ్వు దిగేది ఆగస్టులో, అప్పుడింకా ఎండలే. అక్టోబరులో నేనొచ్చి షాపుకి తీసుకెళ్తా. కోటు రంగు నీ ఇష్టం. టోపీ మాత్రం నేను చెప్పిందే, చెవులు మూసేది.

నీ పెద్దమ్మ