కడుపు కుదుటపడకముందే విమానం ఎక్కాల్సి వస్తే

ప్రశ్న: పెళ్లి భోజనం తర్వాత నాలుగు రోజులుగా వాంతులు, నీళ్ల విరేచనాలు. వాంతులు నిన్నటితో ఆగాయి. విరేచనాలు రోజుకు పది నుంచి మూడుకు దిగాయి. ఎల్లుండి శంషాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డాలస్ వెళ్లాలి. వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: విరేచనాల లెక్క ఒక్కటే చూసుకుంటే మోసపోతాం. తాగింది కడుపులో నిలుస్తోందా, మూత్రం సరిగా వస్తోందా అన్నది అంతకన్నా ముఖ్యం. బయల్దేరే ముందు 24 గంటల్లో వాంతి కాకూడదు. నాలుగైదు గంటలకోసారి లేత పసుపు రంగులో మూత్రం రావాలి. కూర్చుని లేచినప్పుడు కళ్లు బైర్లు కమ్మకూడదు. విరేచనాలు పూర్తిగా కట్టేసినా, మూత్రం ముదురు రంగులో రోజుకు రెండుసార్లే వస్తోందంటే ఒంట్లో నీరు ఇంకా తక్కువే.

నేల మీద తట్టుకున్న నీరసాన్ని ఆకాశంలో తట్టుకోలేకపోవడానికి కారణం ఉంది. విమానం లోపలి గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున ఉండేంతకు తగ్గుతుంది. అంటే దాదాపు ఊటీలో ఉన్నట్టే. గాలిలో తేమ 20 శాతం లోపే. నీరు తగ్గిన ఒంటికి ఆక్సిజన్ కూడా కాస్త తగ్గి, గంటల తరబడి కూర్చుని ఒక్కసారిగా లేస్తే, టాయిలెట్ ముందు వరుసలోనే సొమ్మసిల్లుతారు. విమానాల్లో సిబ్బంది వైద్యం కోసం పరుగెత్తే సందర్భాల్లో ఇదే ముందుంటుంది. లేచే ముందు కాళ్లు ఆడించి, సీటు అంచున ఒక నిమిషం కూర్చుని లేవండి. కళ్లు తిరిగినట్టుంటే మొహమాటపడకుండా అక్కడే కింద కూర్చోండి.

మీ విషయానికొస్తే, ఎల్లుండికీ నీళ్లలాగే అవుతుంటే టికెట్ తేదీ మార్చుకోండి. ఇది మీ ఒక్కరి సుఖం కోసమే కాదు. నోరోవైరస్ లాంటివైతే చివరి వాంతి, చివరి విరేచనం తర్వాత 48 గంటల దాకా పక్కవాళ్లకు అంటుకునే అవకాశం ఎక్కువ. ఆ వైరస్‌ను శానిటైజర్ సరిగా చంపదు, సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాల్సిందే. ఇంకో మాట. దుబాయ్ దాకా నాలుగు గంటలే, అక్కడి నుంచి డాలస్‌కు దాదాపు పదహారు. మొదటి విమానంలో మళ్లీ వాంతులు మొదలైతే రెండోది ఎక్కకుండా అక్కడి ఎయిర్‌పోర్టు క్లినిక్‌లో చూపించుకోండి.

జ్వరం, విరేచనంలో రక్తం, జిగురు, పొట్ట బిగుసుకుపోవడం, ఆగని నొప్పి వీటిలో ఏది ఉన్నా ప్రయాణం మాట వదిలేయండి. టైఫాయిడ్ అయితే ఇంకా జాగ్రత్త. దానిలో పేగుకు చిల్లుపడే ప్రమాదం రెండో వారం చివర, మూడో వారంలోనే ఎక్కువ. మనిషి కాస్త తేరుకున్నట్టు కనిపించే రోజులూ అవే కావచ్చు.

ప్రశ్న: సెక్యూరిటీలో నీళ్లు తీసేసుకుంటారు కదా, ఓఆర్ఎస్ ఎలా తీసుకెళ్లాలి? ఏం తినాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అంతర్జాతీయ విమానాల్లో సాధారణంగా 100 మి.లీ. దాటిన ద్రవం చేతి సంచిలో వెళ్లనివ్వరు. పొడి ప్యాకెట్లు మాత్రం విప్పకుండా తీసుకెళ్లవచ్చు. ఖాళీ లీటరు బాటిల్ పట్టుకెళ్లి లోపల నింపుకోండి.

తప్పు జరిగేది కలిపేటప్పుడే. షాపులో రెండు సైజులు ఇస్తారు. సుమారు 21 గ్రాముల పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, 4 గ్రాములు పైచిలుకు ఉండే చిన్నది 200 మి.లీ.కు. పెద్ద ప్యాకెట్‌ను అరలీటరు బాటిల్లో వేస్తే ఉప్పు, చక్కెర చిక్కనై ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతాయి, విరేచనాలు పెరుగుతాయి. పలచన చేస్తే ఉప్పు చాలదు. ముందు ఖాళీ బాటిల్లో పొడి వేసి, సగం నీళ్లు పోసి కుదిపి, తర్వాత గుర్తు దాకా నింపండి. పంచదార, నిమ్మరసం, జ్యూస్ కలపొద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. విమానం టాయిలెట్ కుళాయి నీళ్లు దీనికి పనికిరావు, సిబ్బందిని అడిగితే బాటిల్ నీళ్లు ఇస్తారు.

ఎయిర్‌పోర్టులో అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలను ఓఆర్ఎస్ అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. ఆ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు ఉండకూడదని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది.

తిండి విషయం: పైకెళ్లాక ఒత్తిడి తగ్గి కడుపులో గ్యాస్ సుమారు మూడో వంతు ఉబ్బుతుంది. అప్పటికే నొప్పిగా ఉన్న పేగుకు అదో బాధ. ముందు రోజు నుంచే సెనగపిండి, గోబీ, సోడా మానేయండి. మెత్తటి అన్నం, ఇడ్లీ, పలచటి మజ్జిగ, అరటిపండు చాలు. పాలు, పాలతో టీ కొద్ది రోజులు వద్దు. జబ్బుపడ్డ పేగు గోడలో పాల చక్కెరను అరిగించే ఎంజైమ్ తాత్కాలికంగా తగ్గిపోతుంది. విమానంలో కారం, మసాలా లేని 'బ్లాండ్ మీల్' కావాలంటే సాధారణంగా కనీసం 24 గంటల ముందే చెప్పాలి.

ప్రశ్న: ఎక్కేముందు విరేచనాలు ఆగే మాత్ర వేసుకుంటే సరిపోదా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మీరడిగే మాత్ర, లోపెరమైడ్, పేగు కదలికను నెమ్మదింపజేస్తుందే తప్ప జబ్బును తగ్గించదు. జ్వరం, రక్తం లేని పెద్దవాళ్లు ముందు 2 మి.గ్రా.వి రెండు మాత్రలు, తర్వాత ప్రతి నీళ్ల విరేచనానికి ఒకటి వేసుకోవచ్చు. డాక్టర్ చెప్పకుండా రోజుకు నాలుగు దాటొద్దు. రక్తం పడుతున్నప్పుడు వేస్తే సూక్ష్మజీవులను లోపలే బంధించినట్టవుతుంది. పిల్లలకు అసలు వద్దు.

గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. మన దగ్గర కడుపునొప్పికిచ్చే కొన్ని క్యాప్సూల్స్‌లో పేగు పట్టేయడాన్ని తగ్గించే డైసైక్లోమిన్‌తోపాటు ట్రమడాల్ అనే మత్తు కలిగించే నొప్పి మందు ఉంటుంది. యూఏఈలో ట్రమడాల్ నియంత్రిత మందు. ముందస్తు అనుమతి లేకుండా సంచిలో దొరికితే కేసు దాకా వెళ్లొచ్చు. అట్ట వెనక సన్నటి అక్షరాలు చదవండి. మిగతా మందులకూ ప్రిస్క్రిప్షన్ వెంట ఉంచుకోండి.

ప్రశ్న: నాన్నగారికి 68 ఏళ్లు. షుగరు, బీపీ మాత్రలు వాడుతున్నారు. విరేచనాలు ఇప్పుడే తగ్గుతున్నాయి. ఓఆర్ఎస్‌తో షుగరు పెరుగుతుందని భయపడుతున్నారు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: గ్లాసు ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ మూడు గ్రాములలోపే, భయం అక్కర్లేదు. ఆలోచించాల్సింది మాత్రల గురించి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందులు, నీరు తీసే మందులు కిడ్నీల మీద భారం వేస్తాయి. మాత్ర పేరు చివర 'హెచ్' ఉంటే సాధారణంగా నీరు తీసే మందు కలిసిందని అర్థం. మెట్‌ఫార్మిన్, పేరు చివర 'గ్లిఫ్లోజిన్' ఉండే షుగరు మందులూ ఇబ్బందే. గ్లిఫ్లోజిన్‌తో షుగరు మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లపూరితం కావచ్చు. ఏవి ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో ఆయన డాక్టర్‌ను ఇవాళే అడగండి. సొంతంగా ఆపొద్దు, ఇన్సులిన్ అయితే అసలే ఆపకూడదు. టాయిలెట్‌కు దగ్గరగా, నడిచే దారి పక్కనుండే ఐల్ సీటు తీసుకోండి. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు బెల్టు విప్పనివ్వరు కాబట్టి బోర్డింగ్ పిలుపుకు ముందే ఒకసారి వెళ్లి రమ్మనండి.

ప్రశ్న: నాలుగేళ్ల పాపకు వాంతులు తగ్గి ఒక రోజైంది. రేపు విమానం.
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మత్తుగా పడుకుంటున్నా వద్దు. లేకపోతే ప్రతి విరేచనం తర్వాత 100–200 మి.లీ. ఓఆర్ఎస్ పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా. దాహమని ఒక్కసారే గ్లాసు పట్టిస్తే మళ్లీ కక్కేస్తుంది. విమానం కిందికి దిగేటప్పుడు కొంచెం కొంచెం తాగిస్తే చెవినొప్పి కూడా తగ్గుతుంది. జింక్ మొదలెట్టి ఉంటే విరేచనాలు ఆగాయని మానొద్దు, రోజుకు 20 మి.గ్రా. చొప్పున 10–14 రోజులు వాడాలి. చేతి సంచిలో రెండు జతల బట్టలు, జిప్ కవర్లు పెట్టుకోండి. సీటు జేబులోని కాగితం సంచి ఎక్కగానే తీసి ఒళ్లో ఉంచుకోండి.

ప్రశ్న: ల్యాపరోస్కోపీతో అపెండిక్స్ తీశారు. ఎన్నాళ్లకు విమానం ఎక్కొచ్చు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీలా చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్ అయి, ఇబ్బందులేమీ లేకపోతే నాలుగైదు రోజులకు. పెద్ద కోత, క్లిష్టమైన ఆపరేషన్ అయితే పది రోజులు. పేగు కుట్ల దగ్గర గ్యాస్ ఉబ్బకూడదన్నదే కారణం. అపానవాయువు పోయి, మామూలుగా తింటున్నారా అని సర్జన్ చూసి రాసిచ్చిన కాగితం దగ్గర ఉంచుకోండి, చెకిన్‌లో అడగొచ్చు.