కంపెనీ పేరున కొన్న లగ్జరీ ఎస్‌యూవీ: లోపం ఉంటే ఫిర్యాదు చేయవచ్చా?

సందేహం: మాది చెన్నై అన్నానగర్. ఇనుము వ్యాపారం. మా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరున నిరుడు 78 లక్షలు పెట్టి స్పోర్టీ క్రాసోవర్ ఎస్‌యూవీ కొన్నాం. నేను డైరెక్టరును, నేనూ మా ఇంట్లోవాళ్లూ దాన్ని వాడుకుంటాం. రెండో నెల నుంచే ట్రాఫిక్‌లో నెమ్మదిగా వెళ్తుంటే గేరు మారేటప్పుడల్లా బండి కుదుపుతోంది. షోరూములో నాలుగుసార్లు చూపించినా నయం కాలేదు. గట్టిగా అడిగితే ‘బండి కంపెనీ పేరున ఉంది, మీరు వినియోగదారు కిందకు రారు’ అంటున్నారు. డబ్బు వెనక్కు వస్తుందా? అన్నట్టు, మధ్యలో బయట ఒకచోట ఇంజిన్ ట్యూనింగ్ చేయించాను.

జవాబు: అసలు చిక్కంతా మీరు ‘అన్నట్టు’ అని మొదలుపెట్టిన ఆఖరి వాక్యంలో ఉంది. ముందు షోరూమువారి వాదన తేల్చేద్దాం, అది తేలిక.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య అవసరానికి కొన్నవారిని పక్కన పెట్టింది గాని, కంపెనీ పేరున కొన్నవారిని కాదు. ఈ రెండింటినీ కలిపేసి కొనుగోలుదారును బెదరగొట్టడం అమ్మకందారులకు అలవాటైన విద్య. కొన్న వస్తువుకూ లాభం సంపాదించే పనికీ నేరుగా సంబంధం ఉందా అన్నదే కోర్టులు చూస్తాయి. మీరు కార్లు అద్దెకు తిప్పేవారైతే సంగతి వేరు. సరిగ్గా ఈ ప్రశ్నే డెయిమ్లర్ క్రిస్లర్ ఇండియాకూ, కంట్రోల్స్ అండ్ స్విచ్‌గేర్ అనే కంపెనీకీ మధ్య వచ్చింది. డైరెక్టరు వాడకానికి కొన్న మెర్సిడెస్ కారులో సీట్ల మధ్య భాగం విపరీతంగా వేడెక్కుతోందన్నది ఫిర్యాదు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2007లో కొన్నవారి పక్షాన తీర్పు ఇచ్చింది. అలాంటి కారును వాణిజ్య అవసరానికి కొన్నట్టు భావించలేమని సుప్రీంకోర్టు 2024 జులైలో తేల్చింది. తీర్పు ఎంత మీ వైపున్నా, 2007కూ 2024కూ మధ్య ఉన్న దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

ఖాతాల్లో కారును కంపెనీ ఆస్తిగా చూపి తరుగుదల రాసుకున్నారు కదా అని ఎదుటి న్యాయవాది అడుగుతారు. అడగనివ్వండి. సొంత వాడకానికి ఆధారాలు మీ దగ్గర ఉంటే చాలు. శని, ఆదివారాల్లో తిరుపతి దారి టోల్‌గేట్లు దాటిన ఫాస్టాగ్ వివరాలు అలాంటివే.

ఇక ట్యూనింగ్. ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రాము మార్పించి శక్తి పెంచుకున్నారనుకుంటున్నాను. శక్తి పెరిగితే ఆ భారం పడేది గేర్‌బాక్స్ మీదే. మీ ఫిర్యాదూ గేర్‌బాక్స్ గురించే. ఎదుటివారికి ఇంతకంటే మంచి ఆయుధం దొరకదు. పాత ప్రోగ్రాము మళ్లీ ఎక్కించి ఏమీ జరగనట్టు ఉండిపొమ్మని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. చాలా కార్లలో ఆ మార్పుల జాడ కంప్యూటర్‌లోనే మిగిలిపోతుంది. దాచారని బయటపడిన రోజున మీ నిజమైన ఫిర్యాదును కూడా ఎవరూ నమ్మరు. ఫిర్యాదులో మీరే తేదీతో సహా చెప్పండి.

ఆ తేదీ మీదే కేసు నిలబడుతుంది. ట్యూనింగ్‌కు ముందే కుదుపు గురించి షోరూములో రాయించిన జాబ్ కార్డు (బండిని సర్వీసుకు ఇచ్చినప్పుడు రాసే కాగితం) ఉంటే, లోపం మొదటి నుంచీ ఉందని చెప్పగలుగుతారు. నాలుగు కార్డులూ తీసి ‘కస్టమర్ ఫిర్యాదు’ అన్న గడిలో ఏం రాశారో చదవండి. మీరు కుదుపు అని చెప్పినా సర్వీస్ అడ్వైజర్ ‘జనరల్ చెకప్’ అని రాసుకోవడం, బండి తిరిగి ఇచ్చేటప్పుడు ‘రోడ్డు మీద నడిపి చూశాం, లోపం కనిపించలేదు’ అని చేర్చడం మామూలే. మనం మాత్రం కాఫీ తాగుతూ సంతకం పెట్టేస్తాం. ఈసారి ‘రెండో గేరు నుంచి మొదటి గేరుకు దిగేటప్పుడు కుదుపు’ అని రాస్తేనే సంతకం పెట్టండి. రాయకపోతే అదే రోజు ఆ వివరమంతా ఈమెయిల్ చేయండి. ఓడోమీటరు కనిపించేలా ఫోనులో వీడియో తీసి, తీసిన ఫోనును జాగ్రత్త చేయండి. 2023 భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం దానికి సర్టిఫికెట్ జత చేయాల్సి రావచ్చు.

డబ్బంతా వెనక్కు రావడం గురించి ఆశ పెట్టలేను. పూర్తి ధర లేదా కొత్త బండి కావాలంటే తయారీలోనే లోపం ఉందని మీరే నిరూపించాలి. వారంటీ లోపమున్న భాగం మార్చి ఇవ్వడానికే గాని కారునే మార్చి ఇవ్వడానికి కాదని మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. అందుకే మొదటి కోరికగా ధర వాపసు, అది కాకపోతే కొత్త గేర్‌బాక్స్, దాని మీద పొడిగించిన వారంటీ, నష్టపరిహారం అని అడగాలి. నా అంచనాలో మీకు దక్కేది ఈ రెండోదే. బండిని ప్రయోగశాల పరీక్షకు పంపమని వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టండి. మన ఒరగడంలోనే కేంద్ర ప్రభుత్వ వాహన పరీక్షా కేంద్రం ఉంది, క్రోంపేట ఎం.ఐ.టి.లో ఆటోమొబైల్ ఇంజినీరింగ్ శాఖ ఉంది. నిపుణుల కోసం ఊరు దాటే పని పడకపోవచ్చు.

మీరు చెల్లించిన ధర 50 లక్షలు దాటి 2 కోట్ల లోపు ఉంది కాబట్టి జిల్లా కమిషన్‌కు కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. చూసేది చెల్లించిన ధరే, అడిగే పరిహారం కాదు. ఎస్‌యూవీకి మంటలంటుకుని భర్తను కోల్పోయిన ఒకామె కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఈ పద్ధతి చెల్లుతుందని చెప్పింది. ఫీజు రెండు వేల రూపాయలు. ఫిర్యాదు కంపెనీ పేరున వేయాలి కనుక మీకు అధికారమిస్తూ బోర్డు తీర్మానం జత చేయండి. డీలరుతో పాటు తయారీ సంస్థనూ, దిగుమతిదారు వేరుగా ఉంటే ఆ సంస్థనూ ప్రతివాదులుగా చేర్చండి.

గడువు రెండేళ్లు. కుదుపు మొదలైన నాటి నుంచే లెక్కపెట్టుకోండి. ‘చూస్తాం, చేస్తాం’ అని వాళ్లు రాసే జవాబులు గడువును పొడిగించవు. కారు మీద బ్యాంకు అప్పు ఉంటే, కోపంతో వాయిదాలు మాత్రం ఆపకండి. బ్యాంకుకు గేర్‌బాక్స్‌తో పని లేదు, బండి పట్టుకుపోతే పరీక్షకు పంపడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. ఈ వారంలోనే నోటీసు పంపండి, దానితో పాటు జాబ్ కార్డుల నకళ్లు పెట్టండి. అసలు కార్డులు ఎవరికీ ఇవ్వకండి, షోరూమువారు ‘ఫైలు కోసం’ అని అడిగినా సరే.