అమ్ములూ, ఆ మిగతా 44 ఎపిసోడ్లు చూశాకే రాయి

అమ్ములూ,

నీ మెసేజ్ చూశా. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ అనే జపాన్ యానిమే సిరీస్ రెండుసార్లు వచ్చింది కదా, అందులో కొత్తది బ్రదర్‌హుడ్ 64 ఎపిసోడ్లూ సెలవుల్లో ఊదిపారేసి, పాతది మాత్రం ఏడు చూసి ఆపేసి, "మామయ్యా పాతది సాగదీత, కొత్తదే కరెక్ట్, రెండిటినీ పోల్చి పెద్ద పోస్ట్ రాస్తా, పాయింట్లు చెప్పు" అన్నావు. చెప్తాలే, కానీ ముందు ఆ మిగతా 44 చూడు. కూర పొయ్యి మీదుండగానే ఉప్పు చాల్లేదంటే మీ అమ్మమ్మ ఏమనేదో గుర్తుందిగా.

నిన్ను తిట్టట్లేదు, నేనూ ఇదే వెధవపని చేశా. హాస్టల్లో నాది పాత సిరీస్ పార్టీ, నా రూమ్మేట్‌ది కొత్తది, ఒకరోజు రాత్రి రెండింటిదాకా అరుచుకుని మూడ్రోజులు మాటల్లేవు, మెస్‌లో కూడా వేరే వేరే బల్లల మీద తిన్నాం. తీరా చూస్తే నేను బ్రదర్‌హుడ్ 14 దాటలేదు, వాడు పాతది అసలు మొదలే పెట్టలేదు, ఎవడో అన్నది విని నాతో కొట్లాడాడు. తర్వాత మంచుకొండల్లో బ్రిగ్స్ కోట, అక్కడ ఆ కోట సేనాని ఒలివియే ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చేసరికి నేను నోరు మూసుకున్నా. వాడికి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

సరే, అసలు విషయం. రాసేముందు ఎవరి చేతిలో ఎంత కథ ఉందో చూసుకో. రెండు సిరీస్‌లకీ మూలమైన కామిక్, అంటే హిరోము అరకావా గారి మాంగా, 2001లో మొదలై 2010లో అయిపోయింది, 27 వాల్యూములు. పాత సిరీస్ 2003 అక్టోబర్‌లోనే టీవీకెక్కేసింది, అప్పటికి మాంగా వయసు రెండేళ్ళు, మిగతాది ఇంకా ఆవిడ బుర్రలోనే ఉంది. అందుకే వేరే ముగింపు పెట్టుకోమని ఆవిడే అంది, వాళ్ళు 51 ఎపిసోడ్లలో తమ దారిన తాము వెళ్ళారు. బ్రదర్‌హుడ్ 2009 ఏప్రిల్‌లో మొదలై 2010 జులైలో ముగిసింది, మాంగా ఆఖరి చాప్టర్ వచ్చింది జూన్‌లో, దాదాపు పక్కపక్కనే నడిచాయన్నమాట. కాబట్టి "పాతది మాంగాకి ద్రోహం చేసింది" అని మాత్రం రాయకు తల్లీ, ఇంకా పుట్టని కథకి ద్రోహం ఏంటి! స్టూడియో మారింది కాబట్టి అని కూడా రాయకు, రెండూ బోన్స్ వాళ్ళవే, డైరెక్టర్లు వేరు అంతే, అప్పుడు మిజుషిమా, తర్వాత ఇరియె.

ఇప్పుడు నువ్వు సాగదీత అన్న చోటికి వద్దాం. ఏడో ఎపిసోడ్ దగ్గర ఆపావంటే నీనా దగ్గర ఆపావు, ఆ టక్కర్ కూతురు చిన్న పాప దగ్గర. బ్రదర్‌హుడ్‌లో నీనా నాలుగో ఎపిసోడ్‌లో వచ్చి నాలుగో ఎపిసోడ్‌లోనే పోతుంది, అప్పటికే మన హీరో ఎడ్ స్టేట్ ఆల్కెమిస్ట్, అంటే సర్కారు కొలువులో ఉన్న రసవాది, టక్కర్ ఇంటికి పుస్తకాలు చూసుకోడానికి వచ్చిన చుట్టం. పాతదాంట్లో వాడింకా పరీక్షకి చదువుకునే పిల్లాడు, ఆ ఇంట్లోనే ఉంటాడు, ఆ కుక్కతో, ఆ పాపతో ఆడుకుంటాడు, నీకు బోర్ కొట్టిందన్నది ఆ ఆటలే. ఆ బోరు లేకపోతే నీనా పోయే ఆ రాత్రి గుండె అంతలా పిండదు. నువ్వు అక్కడ ఆపేసింది బోర్ కొట్టా, లేక తట్టుకోలేకా? నిజం చెప్పు, నేనేం అనుకోను.

అన్నదమ్ములకి అండగా ఉండే ఆ సైనికాధికారి హ్యూస్ కూడా అంతే. చావు రెండిట్లో ఒకటే, ఫోన్ బూత్, భార్య ముఖంతో ఎదురుగా నిలబడ్డ ఆ రూపాలు మార్చే విలన్ ఎన్వీ, చెయ్యి ఆడకపోవడం. బ్రదర్‌హుడ్‌లో ఇది పదో ఎపిసోడ్, పాతదాంట్లో 25. మధ్యలో ఏమైందంటే పాతదాంట్లో ఎడ్ పుట్టినరోజు నాడు హ్యూస్ ఇంట్లోనే ఉంటారు ఎడ్, అల్ అన్నదమ్ములిద్దరూ, ఆ రోజే హ్యూస్ కూతురు ఎలీషియా పుడుతుంది. సమాధి దగ్గర "నాన్న మీద మట్టెందుకు వేస్తున్నారు, నాన్నకి పనుంది కదా" అని ఏడ్చే పాప అదే, నువ్వు పుట్టగా చూసిన పాప. హ్యూస్ స్నేహితుడు మస్టాంగ్ ఎండలో నిలబడి వాన పడుతోందంటాడు చూడు, అది రెండిట్లోనూ ఉంది, రెండిట్లోనూ ఏడ్చా, కాకపోతే పాతదాంట్లో ముందునుంచీ ఏడుపు తయారుగా ఉంది. అందుకే నా సలహా, సీన్‌కి సీన్ పక్కన పెట్టి పోల్చకు, ఆ సీన్ వచ్చేదాకా ఎంత టైమ్ ఖర్చుపెట్టారో అది పోల్చు.

అలాగని బ్రదర్‌హుడ్‌ని తక్కువ చెయ్యకు. మొదట్లో అది పరిగెట్టింది ఎందుకంటే ఆ భాగమంతా జనం పాతదాంట్లో చూసేశారని, యూస్‌వెల్ గనుల కథనైతే పక్కన పెట్టేశారు, తర్వాతెప్పుడో ఆ గనుల మీద పెత్తనం చేసిన యోకీ వచ్చి ఫ్లాష్‌బ్యాక్‌లో తన గోడు వెళ్ళబోసుకుంటాడు, భలే నవ్వొస్తుంది. అక్కడ మిగిల్చుకున్న టైమంతా లింగ్, మెయ్, బ్రిగ్స్ కోట వాళ్ళలాంటి పాత్రల మీద పెట్టారు, వీళ్ళెవరూ పాతదాంట్లో లేరు, ఆఖర్లో అన్ని దారాలూ ఒక్కచోట ముడిపడటం పాతదానికి చేతకాని పని. పాతదాని ఆఖరి భాగం చిక్కుగానే ఉంటుంది, 2005లో ఒక సినిమా తీసి ఆ కథని ముగించాల్సొచ్చింది, ఇది కూడా రాయి, మామయ్య పార్టీ కదా అని మొహమాటపడకు.

ఒక్కటి మాత్రం చెప్తా, పాతదాంట్లో హోమన్‌క్యులస్‌లు, అంటే ఎన్వీ లాంటి కృత్రిమ మనుషులు, చచ్చినవాళ్ళని బతికించబోయి ఫెయిలైన ప్రయత్నాల్లోంచి పుడతారు. ఎడ్, అల్ చనిపోయిన అమ్మ కోసం ఏం చేశారో నీకు తెలుసు. ఇక నువ్వే ఆలోచించుకో, ఎవరెవరో నేను చెప్పను.

చిన్నచిన్నవి. పాతది డబ్బా టీవీ కొలతలో ఉంటుంది, పక్కల నల్లగా ఖాళీ ఉందని దాన్ని లోపంగా రాయకు. ఎడ్‌కి గొంతు రోమి పార్క్, అల్‌కి కుగిమియా, రెండిట్లోనూ వాళ్ళే, మస్టాంగ్ గొంతు మాత్రం మారింది, జపనీస్‌లో విను, డబ్బింగ్ విని వాయిస్ గురించి రాయొద్దు. మ్యూజిక్ వేరే వాళ్ళు, అప్పుడు ఓషిమా, తర్వాత సెంజు, దానికో పేరా చాలు.

పోస్ట్ మొదటి లైన్లోనే నువ్వు ఏది ముందు చూశావో రాసెయ్, చదివేవాడికి నీ మొగ్గు ఎటో తెలియాలి. ఏది ముందు చూస్తే అదే మనకి అసలుదనిపిస్తుంది, నాకైతే ఇప్పటికీ పాత మస్టాంగే మస్టాంగ్.

ఇది అయ్యాక ఇలాగే రెండుసార్లు తీసిన హంటర్ × హంటర్ యానిమే మీద కూడా రాస్తానన్నావు, 1999దీ 2011దీ. అక్కడ మొదటి ఎపిసోడే చూడు చాలు. పాతదాంట్లో హీరో గోన్‌కి కైట్ అనే హంటర్ అక్కడే కనిపిస్తాడు, కొత్తదాంట్లో ఆ పరిచయం తీసేసి ఎక్కడో డెబ్భై దాటాక చూపించారు. తర్వాత వచ్చే చీమల కథలో కైట్ విషయం నీకు ఎంత తగిలిందో అడుగు నిన్ను నువ్వే. అదీ హ్యూస్ లెక్కే.

రోజుకి రెండు చొప్పున చూడు, ఒకేసారి మింగకు, పక్కన నోట్‌బుక్ పెట్టుకో. 25కి వచ్చిన రోజు నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా పర్లేదు, అత్తయ్యకి నేను చెప్పుకుంటా.

మామయ్య