అమ్మిన ల్యాప్‌టాప్‌కు డబ్బు వెనక్కి అడుగుతున్నారు: ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: నేను హనుమకొండలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. మా అబ్బాయి ఇంజినీరింగ్‌లో వాడిన ల్యాప్‌టాప్‌ను ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టి మంచిర్యాలలో ఒకరికి 24,000 రూపాయలకు అమ్మాను. ఆయన డబ్బు ముందే యూపీఐలో పంపారు, ఆయన కోరినట్లే బస్సు పార్సిల్‌లో వేశాను. అందిన రెండు రోజులకు తెర మీద గీతలు వస్తున్నాయని, బ్యాటరీ అరగంట కూడా నిలవడం లేదని, డబ్బంతా వెనక్కి ఇవ్వాలని, అదీ తన మిత్రుడి నంబరుకు పంపాలని అడుగుతున్నారు. తెరకు 7,000, బ్యాటరీకి 2,500 అవుతుందని అక్కడి మెకానిక్ చెప్పాడట. పంపకపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేసి నా ఖాతా ఆపిస్తానంటున్నారు. అది నా జీతం ఖాతా. వచ్చిన డబ్బులో 15,000 పాప హాస్టల్ ఫీజుకు కట్టేశాను. చిట్టీ పాడుకుని ఇచ్చేయమంటారా? బ్యాటరీ కాస్త తగ్గిందని నాకు తెలుసు గానీ, ప్రకటనలో 'బ్యాటరీ బాగుంది' అనే రాశాను.

జవాబు: అమ్మా, మీరు చివర్లో నిజాయితీగా చెప్పిన ఆ ఒక్క మాట మీదే ఈ వ్యవహారంలో సగం ఆధారపడి ఉంది. బ్యాటరీని, తెరను ఒకే ఫిర్యాదుగా చూడకండి. మీరు చెప్పిన మాట తప్పినందుకు బాకీ పడ్డది వేరు, దారిలో జరిగి ఉండగల నష్టం వేరు.

వాడిన వస్తువును ఒక గృహస్థు మరొకరికి అమ్మినప్పుడు, దాని నాణ్యతకు చట్టం తనంతట తాను హామీ ఇవ్వదు. వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ఉద్దేశం అదే. మినహాయింపులు ప్రధానంగా ఆ సరుకుతో వ్యాపారం చేసేవారికి వర్తిస్తాయి. మీరు వ్యాపారి కారు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామన్నా అక్కడ మీ మీద కేసు నిలవడం కష్టం. అయితే లోపం గురించి చెప్పకుండా ఊరుకోవడం వేరు, లేనిది ఉన్నదని రాయడం వేరు. తెలిసి తెలిసి 'బ్యాటరీ బాగుంది' అని రాసినందువల్ల, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మొత్తం బేరాన్నే రద్దు చేయమని వాదించే అవకాశాన్ని మీ మాటే ఆయనకు ఇచ్చింది. అందుకే బ్యాటరీ ఖర్చు 2,500 మీరే భరిస్తానని, ఆయన మళ్లీ అడగకముందే చెప్పండి.

తెర సంగతి అంత సూటిగా లేదు. కొన్నవారు కోరిన రవాణా ద్వారా పంపేందుకు వస్తువును అప్పగిస్తే, సాధారణంగా దాన్ని కొన్నవారికి అందించినట్లే లెక్క. కాకపోతే తగినట్టు ప్యాకింగ్ చేసి, తగినట్టు బుక్ చేసే బాధ్యత మీది. ప్యాక్ చేసే ముందు తెర వెలుగుతుండగా వీడియో తీశారా? పార్సిల్ రసీదులో విలువ ఎంత రాయించారు? అట్టపెట్టెలో థర్మాకోల్ పెట్టారా, పాత చీర చుట్టి సరిపెట్టారా? వీడియో, మంచి ప్యాకింగ్ రెండూ ఉంటే తెర భారం మీది కాదని గట్టిగా చెప్పవచ్చు. పార్సిల్ కార్యాలయంలో మాత్రం పంపినవారిగా మీరే వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రోజులు గడిచేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది. వీడియో లేకపోతే తెర ఖర్చులో సగం పంచుకోవడం నాకు న్యాయంగా తోస్తోంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. బ్యాటరీకి 2,500, తెరలో సగానికి 3,500 ఇస్తే మొత్తం 6,000 పోయి మీ చేతిలో 18,000 మిగులుతాయి. మొత్తం డబ్బు ఇచ్చి వస్తువు వెనక్కి తీసుకుంటే 9,500 పెట్టి బాగు చేయించి, మళ్లీ 24,000కే అమ్మగలిగినా మీకు మిగిలేది 14,500, పార్సిల్ ఖర్చు పోతే అది ఇంకా తగ్గుతుంది. అంటే ఆయన ఒప్పుకుంటే రాజీయే మీకు లాభం. పైగా ఫీజు పోను మీ దగ్గరున్న 9,000లోనే ఆ 6,000 సరిపోతాయి కాబట్టి చిట్టీ జోలికి పోవలసిన పని లేదు. అవసరంలో ఉండి చిట్టీ పాడేవారు పాట ఎక్కువకు పోనిస్తారు. ఈ చిన్న మొత్తం కోసం ఆ నష్టం దేనికి?

ఇక అసలు ప్రమాదం ఆయన చెప్పిన 'మిత్రుడి నంబరు'లో ఉంది. డబ్బు ఒక ఖాతా నుంచి వచ్చి మరో ఖాతాకు తిరిగి వెళ్తే, మొదటి ఖాతాదారు రేపు 'నాకు పైసా రాలేదు' అని ఫిర్యాదు చేస్తే, ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టు రుజువు చేసుకోవలసిన బరువు మీ నెత్తిన పడుతుంది. ఎంత ఇచ్చినా, డబ్బు వచ్చిన యూపీఐ ఐడీకే పంపండి. పంపేముందు 'బ్యాటరీ, తెర మరమ్మతు కింద 6,000కు ఒప్పుకున్నాను, ఇక బాకీ లేదు' అని ఆయన చేత వాట్సాప్‌లో రాయించుకోండి. సంభాషణను స్క్రీన్‌షాట్‌లతో సరిపెట్టకుండా మొత్తంగా ఎగుమతి (ఎక్స్‌పోర్ట్) చేసి దాచండి, ఆ ఫోన్‌ను కొంతకాలం మార్చకండి.

ఆయన రాజీకి ఒప్పుకోక వస్తువు తిరిగి ఇస్తానంటే ముందు డబ్బు పంపకండి. మంచిర్యాల నుంచి కాజీపేటకు నేరుగా రైలు ఉంది, రమ్మనండి. హనుమకొండలో మీకు తెలిసిన సర్వీసు దుకాణంలో ఇద్దరి ముందూ అడుగు మూత విప్పించి, కింది స్టిక్కరు మీది సీరియల్ నంబరును పాత బిల్లుతో సరిచూసి, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మీరు ఇచ్చినవేనా అని నిర్ధారించుకుని, అక్కడే డబ్బు పంపండి. మంచి భాగాలు తీసి పాతవి బిగించి పంపేవారు కూడా ఉంటారు.

1930 బెదిరింపును కొట్టిపారేయలేం గానీ, దానికి లొంగి డబ్బంతా పంపవలసిన అవసరం లేదు. ఆ నంబరు ఆన్‌లైన్ ఆర్థిక మోసాల కోసం ఉన్నది. వస్తువు చేతికందిన తర్వాత నాణ్యత మీద వచ్చే తగువు దాని పరిధిలోది కాదు. అయినా ఫిర్యాదు నమోదైతే పూర్వాపరాలు తేలేలోగా బ్యాంకు కొంత మొత్తాన్ని, ఒక్కోసారి మొత్తం ఖాతాను ఆపవచ్చు. కాబట్టి నెల ఖర్చుకు సరిపడా డబ్బు మరో బ్యాంకు ఖాతాలో ఉంచండి. జీతం ఖాతాను మాత్రం ఊడ్చి ఖాళీ చేయకండి, అది మీరే ఏదో దాస్తున్నట్టు కనిపిస్తుంది. ఖాతా నిజంగానే ఆగితే, ఏ పోలీసు స్టేషను, ఏ ఫిర్యాదు నంబరు అన్నది బ్యాంకు శాఖలో రాతపూర్వకంగా అడిగి, పార్సిల్ రసీదు, ప్రకటన, సంభాషణ జతచేసి ఆ స్టేషనుకు పంపండి.

వారం గడిచినా ఆయన ఏదీ ఒప్పుకోకపోతే, హనుమకొండ కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కేసు వేయకముందే ఒక దరఖాస్తు పెట్టవచ్చు. దానికి కోర్టు ఫీజు ఉండదు, ఆ సంస్థ రాజీ కుదిర్చే వేదిక అయిన లోక్ అదాలత్‌లో ఇద్దరూ సంతకం చేసిన రాజీకి కోర్టు డిక్రీ (తీర్పు) విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు కూడా ఉండదు.