పసిబిడ్డకు ఊపిరి దారి ఇరుకైతే: పాఠకుల ప్రశ్నలకు శస్త్రవైద్యుని జవాబులు

ప్రశ్న: మా పాపకు ఏడు వారాలు. పుట్టిన పది పన్నెండు రోజుల నుంచి ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో కీచుమనే చప్పుడు వస్తోంది. వెల్లకిలా పడుకోబెట్టినా, ఏడ్చినా, పాలు తాగుతున్నా అది ఎక్కువవుతోంది. అప్పుడప్పుడు పాలు పొలమారుతున్నాయి. పుట్టినప్పుడు 2.9 కిలోలున్న పాప ఇప్పుడు 3.9 కిలోలుంది. పిల్లల డాక్టరు గారు విని, స్వరపేటిక మెత్తగా ఉండటం వల్ల ఇలా వస్తుందని, ఏడాది దాటాక పోతుందని చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లు కఫం అంటున్నారు. ఏ పరీక్షా చేయించకుండా ఊరుకోవచ్చా? ఆపరేషన్ అవసరమవుతుందా?

జవాబు: అమ్మా, మీ డాక్టరు గారు చెప్పిన మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువ. పసిపిల్లల్లో వినిపించే ఇటువంటి చప్పుడును స్ట్రైడర్ అంటారు. దానికి అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం లారింగోమలేషియా, అంటే స్వరపేటిక పైభాగంలోని మెత్తని కణజాలం గాలి పీల్చినప్పుడల్లా లోపలికి వాలి దారికి అడ్డుపడటం. ఇది పుట్టిన తొలి వారాల్లో మొదలై, ఆరు నుంచి ఎనిమిది నెలల వయసు వరకు పెరుగుతూ పోయి, ఆ తరువాత తగ్గుముఖం పట్టి, ఎక్కువ మందిలో ఏడాదిన్నర, రెండేళ్ల లోపు దానంతట అదే పోతుంది. ఈ క్రమం ముందుగా ఎవరూ చెప్పకపోవడం వల్ల, నాలుగో నెలలో చప్పుడు పెరిగిందని హడలిపోయే తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. కఫం మాత్రం కాదు. కఫం వల్ల వచ్చే గరగర వస్తూ పోతూ ఉంటుంది గాని, ఇన్ని వారాల పాటు ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఇలా నిలకడగా వినిపించదు.

చప్పుడు ఎప్పుడు వస్తోందో గమనిస్తే అడ్డు ఎక్కడుందో కొంతవరకు పోల్చుకోవచ్చు. పీల్చేటప్పుడు మాత్రమే వస్తే సాధారణంగా స్వరతంతువులకు పైన, పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ వస్తే స్వరతంతువుల దగ్గర గాని వాటికి కాస్త దిగువన గాని, ముఖ్యంగా వదిలేటప్పుడు వస్తే ఛాతీ లోపలి శ్వాసనాళంలో అడ్డు ఉండవచ్చు. అయితే ఇది పోలిక మాత్రమే, నిర్ధారణ కాదు. పైగా చప్పుడు ఎంత పెద్దదన్నదాన్ని బట్టి జబ్బు తీవ్రతను అంచనా వేయకూడదు, ఎందుకంటే దారి బాగా మూసుకుపోయిన బిడ్డలో లోపలికి వెళ్లే గాలే తక్కువ కాబట్టి చప్పుడు సన్నగిల్లవచ్చు కూడా.

అందువల్ల చెవితో విని పెట్టిన పేరును ఒకసారి కంటితో చూసి ఖాయం చేసుకోవాలన్నది నా పట్టుదల. దీనికి మత్తు అవసరం లేదు. బిడ్డను తల్లి ఒడిలోనే కూర్చోబెట్టి, రెండు మూడు మిల్లీమీటర్ల మందం గల వంగే ఎండోస్కోపును ముక్కులోంచి పంపితే, మెలకువగా ఉన్న బిడ్డ ఊపిరి తీస్తుండగానే స్వరపేటిక కదలికలు తెరపై కనిపిస్తాయి. చూడటానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. లారింగోమలేషియా అయితే, కొండనాలుక దిగువనుండే మూత అంచులు దగ్గరకు ముడుచుకుని, వెనకవైపు వదులుగా ఉన్న పొర ప్రతి పీల్పుకూ లోపలికి గుంజుకుపోవడం మీరే చూడగలరు. స్వరతంతువులు రెండూ కదులుతున్నాయో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది. అయితే స్వరతంతువుల దిగువ భాగాన్ని ఈ పరీక్ష సరిగా చూపలేదు. తీవ్రత ఎక్కువగా ఉన్నా, కనిపించినదానికీ లక్షణాలకూ పొంతన కుదరకపోయినా మత్తు ఇచ్చి కిందివరకు చూడాలి.

బరువు అంకెలు రాసి మంచి పని చేశారు. ఆపరేషన్ కావాలా వద్దా అన్నది చాలావరకు చప్పుడు కాదు, తూకమే చెబుతుంది. మొదటి మూడు నెలల్లో బిడ్డ రోజుకు 20 నుంచి 30 గ్రాముల వరకు పెరగాలి. మీ పాప 49 రోజుల్లో ఒక కిలో పెరిగింది, పుట్టిన కొత్తలో అందరు బిడ్డలూ కాస్త తగ్గుతారని గుర్తుంచుకుంటే ఇది తక్కువేమీ కాదు. ఈ జబ్బున్న పిల్లల్లో ఆపరేషన్ దాకా వెళ్లేది సుమారుగా పదిమందిలో ఒకరిద్దరే. బరువు ఆగిపోవడం, పాలు తాగుతూ చెమటలు పట్టి అలసిపోయి వదిలేయడం, పక్కటెముకల మధ్య చర్మమూ గొంతు కింది గుంటా లోతుగా లోపలికి పీక్కుపోవడం, ఊపిరి మధ్యలో ఆగడం, పెదవులు నీలంగా మారడం వంటివి ఉంటే ఆలోచిస్తాం. చివరి రెండింటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంటు కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆపరేషన్ కూడా నోటిలోంచే చేస్తారు, మెడపై కోత ఉండదు. బిగుసుకుపోయిన మడతలను కత్తిరించి, అదనంగా వేలాడే పొరను కొద్దిగా తీసేస్తారు. ప్రస్తుతానికి పాపను తల ఎత్తుగా పట్టుకుని, మధ్యమధ్య ఆపుతూ పాలివ్వండి. బోర్లా వేస్తే చప్పుడు తగ్గుతుంది నిజమే గాని, నిద్రలో హఠాన్మరణం ముప్పు ఉంది కాబట్టి నిద్రపుచ్చేది మాత్రం వెల్లకిలానే.

ప్రశ్న: మా బాబుకు ఐదు నెలలు, నెలలు నిండాకే పుట్టాడు, ఎప్పుడూ వెంటిలేటర్ మీద లేడు. గత రెండు నెలల్లో మూడుసార్లు కుక్క మొరిగినట్టు దగ్గు, ఆయాసం వచ్చాయి. ప్రతిసారీ క్రూప్ అని చెప్పి నెబ్యులైజర్, స్టిరాయిడ్ ఇస్తే తగ్గిపోతోంది. ఇలా ఎన్నిసార్లు వస్తుంది?

జవాబు: ఎన్నిసార్లు వస్తుందన్నది కాదు, ఎందుకు వస్తోందన్నది మనం అడగవలసిన ప్రశ్న. వైరస్ వల్ల స్వరపేటిక, దాని దిగువ దారి వాచి వచ్చే క్రూప్ ఎక్కువగా ఆరు నెలల నుంచి మూడేళ్ల మధ్య పిల్లలకు వస్తుంది. ఆరు నెలలు నిండకముందే మూడుసార్లు వచ్చిందంటే, స్వరతంతువుల దిగువన దారి ముందే ఇరుకుగా ఉండి, చిన్న జలుబుకే మూసుకుపోతోందేమోనని అనుమానించి తీరాలి. స్టిరాయిడ్‌తో తగ్గింది కాబట్టి ఇది క్రూపే అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఇరుకు దారిలోని వాపును కూడా అది తగ్గిస్తుంది, ఇరుకు మాత్రం అలాగే ఉంటుంది.

స్వరతంతువుల దిగువన క్రికాయిడ్ అనే మృదులాస్థి ఉంటుంది. శ్వాసమార్గంలో పూర్తి వలయంగా ఉండేది మామూలుగా ఇదొక్కటే, కాబట్టి లోపల వాపు వస్తే బయటికి సాగే వీలుండదు. నెలలు నిండి పుట్టిన బిడ్డలో ఇక్కడి వ్యాసం దాదాపు 4.5 నుంచి 5 మిల్లీమీటర్లు. 4 కన్నా తక్కువైతే ఇరుకుగా లెక్కిస్తారు. ఆ 4 మిల్లీమీటర్ల దారిలో చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు వస్తే వ్యాసం సగమై, గాలి వెళ్లే వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది, ఊపిరికి ఎదురయ్యే నిరోధం 16 రెట్లవుతుంది. పెద్దవాళ్లకు గొంతు బొంగురుపోయేంత వాపు పసివాడిని ఆసుపత్రిలో చేర్పించేది ఇందుకే.

ఈ వయసులో ఇదే లక్షణంతో వచ్చే మరో జబ్బు కూడా ఉంది: అదే చోట పెరిగే రక్తనాళాల గడ్డ, హిమాంజియోమా. పుట్టినప్పుడు లేని చప్పుడు కొద్ది వారాల తరువాత మొదలై పెరుగుతుంటే, ముఖ్యంగా గడ్డం మీద, కింది పెదవి దగ్గర ఎర్రని మచ్చలుంటే దీన్ని గుర్తుచేసుకోవాలి. ప్రోప్రనొలాల్ అనే పాత గుండె మందుకు ఈ గడ్డలు కరుగుతాయని ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు 2008లో ప్రకటించాక, ఒకప్పుడు కత్తి పట్టిన చోట చాలామందికి ఇప్పుడు చుక్కల మందే సరిపోతోంది. కారణం తెలియకుండా ఆపరేషన్ గురించి మాట్లాడకూడదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

కాబట్టి మీ బాబుకు కావలసినది ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చి చేసే రిజిడ్ బ్రాంకోస్కోపీ. బిడ్డ తనంతట తాను ఊపిరి తీస్తుండగానే సన్నని టెలిస్కోపుతో స్వరతంతువుల నుంచి శ్వాసనాళం రెండుగా చీలే చోటు దాకా చూస్తాం. తరువాత కొలత తీస్తాం. ఒక్కో సైజు శ్వాసగొట్టాన్ని సున్నితంగా పెట్టి, తక్కువ ఒత్తిడితో గాలి పంపి, గొట్టం పక్కల నుంచి గాలి తప్పించుకునే సవ్వడి కోసం చెవి ఒగ్గుతాం. లోపలి వ్యాసం 2.5 మిల్లీమీటర్లున్న గొట్టానికి బయటి వ్యాసం దాదాపు మూడున్నర ఉంటుంది. అంత చిన్న గొట్టమే బిగుతుగా పడితే ఇరుకు ఎంతో లెక్క తేలినట్టే. ఈ పద్ధతిని 1994లో మయర్, కాటన్ తదితరులు స్థిరపరిచారు: దారి 50 శాతం లోపు మూసుకుంటే మొదటి గ్రేడు, 70 వరకు రెండు, 99 వరకు మూడు, పూర్తిగా మూసుకుంటే నాలుగు.

మొదటి గ్రేడు పిల్లల్లో చాలామందిని పెరిగేవరకు కనిపెట్టుకుని ఉంటే చాలు. అంతకు మించితే ఇరుకు స్వభావం చూడాలి. మెత్తని పొర మందమైతే బెలూనుతో వెడల్పు చేయవచ్చు. మృదులాస్థే చిన్నదిగా, వంకరగా పుడితే బెలూను దాన్ని పెంచలేదు, అప్పుడు క్రికాయిడ్‌ను నిలువుగా చీల్చి, బిడ్డ పక్కటెముక చివరి మృదులాస్థి నుంచి చిన్న ముక్క చెక్కి మధ్యలో అమర్చి కుట్టే ఆపరేషన్ చేస్తారు. ఈసారి దగ్గు వచ్చేదాకా ఆగవద్దు, జలుబు లేని రోజుల్లోనే ఈ పరీక్ష చేయించండి.

ప్రశ్న: మా చెల్లెలి బిడ్డ పుట్టి మూడు రోజులైంది. ప్రశాంతంగా ఉన్నప్పుడు నీలంగా మారుతోంది, ఏడిస్తే ఎర్రగా అవుతోంది. ఇదేం వింత?

జవాబు: ఈ ఉత్తరం అందగానే ఫోనులో జవాబిచ్చాం. మిగతా పాఠకుల కోసం రాస్తున్నాను. నవజాత శిశువులు దాదాపుగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు. ముక్కు వెనుక ద్వారాలు రెండూ ఎముకతోనో పొరతోనో మూసుకుని పుడితే, నోరు తెరిచి ఏడ్చినప్పుడే గాలి అందుతుంది. సన్నని మెత్తని గొట్టాన్ని రెండు ముక్కుపుటాల్లోంచీ పంపి చూసినప్పుడు అది గొంతులోకి దిగకపోతే అనుమానం కలుగుతుంది, సీటీ స్కాన్‌తో రూఢి అవుతుంది. నోటిలో గాలి దారి నిలిపే చిన్న గొట్టం పెట్టి ప్రాణాపాయం తప్పించి, తరువాత ఎండోస్కోపుతో ఆ ద్వారాలు తెరుస్తారు. గుండె, కళ్లు, చెవులు కూడా తప్పక పరీక్షించాలి, ఎందుకంటే కొందరిలో ఈ లోపాలు కలిసే వస్తాయి.

ప్రశ్న: మా మూడు నెలల మనవడికి సీటీ తీసి, శ్వాసనాళం పొడవునా పూర్తి వలయాలున్నాయని, గుండె నుంచి ఎడమ ఊపిరితిత్తికి వెళ్లే రక్తనాళం కూడా దారి తప్పి వెళ్తోందని చెప్పారు. స్లైడ్ ట్రాకియోప్లాస్టీ అనే ఆపరేషన్‌తో రెండూ ఒకేసారి సరిచేస్తామంటున్నారు. ఊపిరి గొట్టాన్నే కోస్తారంటే మాకు నిద్ర పట్టడం లేదు. బెలూనుతోనో, లోపల స్టెంట్ పెట్టో సరిపెట్టలేరా? బాబు ఇప్పుడు ఆక్సిజన్ మీద ఉన్నాడు.

జవాబు: మీ భయం సహజమే గాని, డాక్టర్లు మీకు చెప్పిన దారి సరైనదే. మామూలు శ్వాసనాళంలో మృదులాస్థి వంకీలు వెనుకవైపు తెరుచుకుని ఉంటాయి. ఆ వెనుక గోడ సాగే పొర కావడం వల్లే దగ్గినప్పుడు, పెరిగేటప్పుడు నాళం సర్దుకుంటుంది. మీ మనవడికి ఆ పొర లేదు. బ్రాంకోస్కోపులో చూస్తే చిన్న సైజు గాజులు ఒకదాని వెంట ఒకటి పేర్చినట్టు గుండ్రటి వలయాలు కనిపిస్తాయి. బెలూను ఊదితే అవి సాగవు, పగులుతాయి. స్టెంట్ పెడితే దాని చుట్టూ కండ పెరిగి దారి మళ్లీ పూడుకుపోవచ్చు, బిడ్డతో పాటు అది పెరగదు కూడా. ఆపరేషన్ తరువాత మిగిలిన చిన్న ఇరుకుకు బెలూను పనికొస్తుంది గాని, మొదటి చికిత్సగా దాన్ని నేను సమర్థించను.

ఎడమ ఊపిరితిత్తి ధమని కుడి ధమని నుంచి పుట్టి, శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య నుంచి చుట్టి వెళ్లడాన్ని పల్మనరీ స్లింగ్ అంటారు. ఈ లోపమున్న పిల్లల్లో దాదాపు సగం మందికి పూర్తి వలయాలు కూడా ఉంటాయి. అందుకే ఒకటి కనిపిస్తే రెండోదాని కోసం వెతకాలి, రెండూ ఉంటే ఒకే మత్తులో సరిచేయాలి. ధమనిని మాత్రమే సరిచేసి ఊరుకుంటే ఇరుకు అలాగే మిగిలిపోతుంది.

ఆపరేషన్ ఎలా జరుగుతుందంటే, ఛాతీ మధ్య ఎముకను తెరిచి, బిడ్డను గుండె-ఊపిరితిత్తుల యంత్రం మీద పెడతారు. రక్తానికి ఆక్సిజన్ యంత్రమే అందిస్తుంది కాబట్టి, శ్వాసనాళాన్ని తెరిచినంతసేపూ ఊపిరి గురించి తొందర ఉండదు. ముందుగా ధమనిని విడదీసి, శ్వాసనాళానికి ముందువైపుకు తెచ్చి అతికిస్తారు. తరువాత ఇరుకైన భాగాన్ని సరిగ్గా మధ్యలో అడ్డంగా కోసి, పై ముక్కను వెనుకవైపు, కింది ముక్కను ముందువైపు నిలువుగా చీల్చి, మూలలు గుండ్రంగా కత్తిరించి, ఒకదానిపైకి మరొకదాన్ని జరిపి చుట్టూ కుడతారు. ఇరుకు భాగం పొడవు సగమవుతుంది, చుట్టుకొలత రెట్టింపవుతుంది, గాలి వెళ్లే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. బయటి నుంచి తెచ్చిన అతుకు ఏదీ ఉండదు, గోడ అంతా రక్తప్రసారం ఉన్న సొంత శ్వాసనాళమే కాబట్టి బిడ్డతో పాటు పెరుగుతుంది. ఈ పద్ధతిని 1989లో లండన్‌లో త్సాంగ్, గోల్డ్‌స్ట్రా బృందం వివరించింది. అంతకుముందు గుండె పొర ముక్కనో, పక్కటెముక మృదులాస్థినో అతికేవారు. అవి వదులై కూలడం, లోపల కండ పెరగడం వంటి చిక్కులు తెచ్చేవి. ఇరుకు రెండు మూడు వలయాలకే పరిమితమైతే ఆ ముక్కను తీసేసి చివరలు కలిపి కుట్టడం చాలు, మీ మనవడికి అది కుదరదు. పూర్తి వలయాలున్నా ఇబ్బంది లేకుండా పెరిగే పిల్లలూ ఉంటారు, వారిని కోయకుండా కనిపెట్టుకుని ఉంటాం. ఆక్సిజన్ మీద ఉన్న మూడు నెలల బాబు ఆ కోవలోకి రాడు.

రెండు విషయాలు మాత్రం డాక్టర్లను అడగండి. ఇటువంటి ఆపరేషన్లు గుండె శస్త్రవైద్యులు, శ్వాసమార్గ శస్త్రవైద్యులు, పిల్లల మత్తు వైద్యులు కలిసి తరచుగా చేసే చోటే ఇది జరగాలి. ఈ బృందం అలాంటిదేనా అని అడగడానికి మొహమాటపడవద్దు. బాబును మరో ఆసుపత్రికి తరలిస్తే, దారిలో అత్యవసరంగా శ్వాసగొట్టం వేయవలసి వస్తే ఇరుకుకు పైనే ఆపాలని కాగితం మీద రాయించుకోండి. బలవంతంగా ఇరుకులోకి దూర్చితే వాపు వచ్చి మిగిలిన కాస్త దారీ మూసుకుపోతుంది. ఆపరేషన్ తరువాత కుట్లు ఎలా మానుతున్నాయో, కండ పెరుగుతోందో లేదో చూడటానికి కొన్నిసార్లు మత్తు ఇచ్చి బ్రాంకోస్కోపీ చేస్తారు, అది ఆపరేషన్ విఫలమైందనడానికి గుర్తు కాదు.

ప్రశ్న: ఇరుకు వల్ల మా పాపకు మెడ దగ్గర రంధ్రం చేసి ట్యూబు పెట్టారు. వచ్చే వారం ఇంటికి పంపుతామంటున్నారు. మాటలు వస్తాయా?

జవాబు: ట్యూబు పక్కల నుంచి గాలి పైకి వెళ్లగలిగినంత చోటుంటే, తగిన సమయంలో మాటల వాల్వు (వదిలే గాలిని స్వరతంతువుల వైపు మళ్లించే చిన్న మూత) అమర్చి అలవాటు చేస్తారు. ఇరుకు తీవ్రంగా ఉంటే దారిని వెడల్పు చేశాకే గొంతు బాగా వినిపిస్తుంది, అప్పటిదాకా సైగలు నేర్పండి, దానివల్ల మాటలు ఆలస్యం కావు. ఇంటికి వెళ్లేముందు ఇంట్లో కనీసం ఇద్దరు ట్యూబు మార్చడం, కఫం లాగడం తమ చేతులతో చేసి చూపించాలి. అదే సైజు ట్యూబు ఒకటి, అంతకన్నా ఒక సైజు చిన్నది ఒకటి ఎప్పుడూ పాప పక్కనే ఉండాలి; ట్యూబు మూసుకుపోయి కొత్తది దూరకపోతే ఆ చిన్నదే అక్కరకొస్తుంది.